రెజ్యూమె మీద ఎర్ర సిరా

మనోహర్ తాపకీర్ చేసిన ఆఖరి మామూలు పని, చెల్లెలి ఇంట్లో కుక్కరు పిడి బిగించడం.

అక్టోబరులో ఒక గురువారం. పొద్దున తొమ్మిదింటికి పై వాటా నుంచి దిగి వచ్చి, వంటింట్లో స్టూలు లాక్కుని, కుక్కరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వదులైన పిడి కింద వేయడానికి పాత సైకిలు ట్యూబులోంచి చిన్న ముక్క గుండ్రంగా కత్తిరించి, మధ్యలో మేకుతో చిల్లు పొడిచాడు. చెల్లెలు కుంద అటుకుల పోహేకు తాలింపు వేస్తూ అతని తల వైపు చూసింది. వేసిన నల్ల రంగు వెలిసిపోయి, మొదళ్ళ దగ్గర అంగుళం మేర తెలుపు బయటపడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఊగుతోందే ఇది?"

"రెండు నెలలు."

"రెండు నెలలుగా గుడ్డ చుట్టి పట్టుకుంటున్నావా? చెయ్యి కాలేదాకా నోరు విప్పవు. మా ఫ్యాక్టరీలో అయితే నీ మీద రిపోర్టు రాసి పారేసేవాణ్ణి."

"రాసేవాడివే. నీకు వచ్చిన విద్య అదొక్కటే కదన్నా."

"పోహేలో నిమ్మకాయ చాలలేదు. అదీ రాస్తాను."

"తినేసి కాస్త పోస్టాఫీసుకి వెళ్ళొస్తావా?"

"ఇవాళ గురువారం. నాకు సెలవు."

భోసరి పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీలకు వారపు సెలవు గురువారమే. ఉద్యోగం పోయి తొమ్మిది నెలలైనా మనోహర్ ఆ సెలవును వదల్లేదు. మిగతా ఆరు రోజులూ ఏడింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల ముందు కూర్చుని ఉద్యోగాలకు ఉత్తరాలు రాసేవాడు. గురువారం మాత్రం పైజమాలో ఇల్లంతా తిరిగి, వదులైనవి బిగించేవాడు. ఆ రోజు కూడా పిడి పట్టుకుని రెండుసార్లు ఊపి చూసి, కుక్కరును పొయ్యి పక్కన పెట్టి, పైకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాడు. నాలుగింటికి భార్య సులభ టీ తెచ్చి పిలిస్తే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. యాభై నాలుగేళ్ళు.

వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూనే అడిగిన మొదటి మాట, "పాపం, ఉద్యోగమేమన్నా దొరికిందా?" అని. ఎలా పోయాడని తర్వాత అడిగారు. దొరకలేదని చెబితే "అదే దిగులు" అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్న పక్కనే కూర్చున్న కుంద ప్రతి మాటా వింది. ఏడుపు రాలేదు. మనిషి చనిపోయి పడుకున్నా వాళ్ళ కళ్ళు అతని రెజ్యూమె కోసమే వెతుకుతున్నాయనిపించింది. పెళ్ళి వద్దనుకుని, బడిలో గుమస్తాగా ఇరవై రెండేళ్ళు దరఖాస్తు ఫారాలు నింపి, నింపించి బతికిన మనిషి ఆమె. ఒక కాగితం మీద ఇంత రోత పుడుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మనోహర్ ట్రాక్టర్ల బ్రేకు డ్రమ్ములు చేసే ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసేవాడు. ఇరవై ఆరేళ్ళు. చేరినప్పుడు కొలతలు చూసే గేజి పట్టుకుని నిలబడే కుర్రాడు, వెళ్ళేటప్పటికి ఆ విభాగం మొత్తానికి పెద్ద. పోత పోసిన డ్రమ్ములు బయటి ఫౌండ్రీల నుంచి లాట్లుగా, విడతలు విడతలుగా వచ్చేవి. ఆయన చూసి సంతకం పెడితే బయటికి వెళ్ళేవి, లేకపోతే వెనక్కి పోయేవి. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. సంతకానికి నీలం, తిరస్కరించడానికి ఎరుపు. ఆ ఫ్యాక్టరీలో ఎర్ర సిరా వాడే హక్కు తనిఖీ వాళ్ళకే.

పోయిన జనవరిలో ఒక లాటు లోపల గుల్లలతో వచ్చింది. కొత్తగా వచ్చిన మేనేజరు, "ఈ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చినట్టు సంతకం పెట్టు తాపకీర్. ఆర్డరు ఆగిపోతుంది" అన్నాడు. మనోహర్ పెట్టలేదు. మేనేజరు ఇంకొకడి చేత పెట్టించుకున్నాడు. నెల తిరగకుండా మనోహర్ చేత మాత్రం ఒక సంతకం పెట్టించుకోగలిగాడు, రాజీనామా మీద. మిఠాయి డబ్బా, శాలువా ఇచ్చి పంపారు. శాలువాను సులభ పెట్టె అడుగున పడేసింది.

పంపిన దరఖాస్తులకు మూడు నెలలు ఏ జవాబూ రాలేదు. అప్పుడు కుందే, బడిలో ఎవరో చెబితే, బాణేర్ రోడ్డులో ఒక సలహా కేంద్రానికి అన్నను తీసుకెళ్ళింది. నలభై దాటినవాళ్ళకు ఉద్యోగాలు వెతుక్కోవడం నేర్పుతారట. మూడో అంతస్తు, చలిపెట్టే ఏసీ, గోడల నిండా నవ్వుతున్న ముసలివాళ్ళ ఫోటోలు. నడిపేవాడి పేరు నిహాల్. ముప్పై ఐదుంటాయేమో. తెల్ల బూట్లు, చేతిలో ఆకుపచ్చ టీ.

"సార్ గీర్ అనొద్దు అంకుల్, నిహాల్ అనండి చాలు. ఏదీ, మీ రెజ్యూమె చూద్దాం."

మనోహర్ ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు పేజీలు తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని బయోడేటా అనేవాడు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపుతో మొదలైంది. అనుభవం: ఇరవై ఆరేళ్ళ నాలుగు నెలలు, అందులో కామెర్లతో మంచాన పడ్డది నలభై ఒక్క రోజులు. తిరస్కరించిన లాట్లు: వెయ్యిన్నీ నూట నలభై. అందులో పొరపాటున తిరస్కరించినవి: మూడు. ఆ మూడింటి వివరాలు. ఎక్కడో పత్రికలో చూసి 'బలహీనతలు' అని ఒక శీర్షిక పెట్టాడు. దాని కింద ఫ్యాక్టరీ లోపాల పట్టీ పద్ధతిలోనే గడులు గీశాడు. లోపం: కోపం. కారణం: ఒకటే మాట రెండుసార్లు అడగడం. సవరణ: జవాబు చెప్పే ముందు గేజి తుడవడం. ఫలితం: కొంత మెరుగు.

నిహాల్ నవ్వాపుకోలేక టీ పక్కన పెట్టాడు.

"అంకుల్, దీన్ని మ్యూజియంలో పెట్టాలి. ఇక్కడ చూడండి, మీ గురించి చెప్పగలవాళ్ళ పేర్లు అడిగితే ఎవరివి ఇచ్చారు? కొల్హాపూర్‌లో ఫౌండ్రీ ఓనరు, సాంగ్లీలో ఇంకొకాయన. వీళ్ళు మీ బాసులా?"

"కాదు. వాళ్ళ సరుకునే నేను ఎక్కువసార్లు వెనక్కి పంపాను."

"శత్రువుల పేర్లిచ్చారా!"

"నా పని గురించి వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు?"

నిహాల్ కుంద వైపు తిరిగాడు. ఇక అక్కడ్నుంచి అతను మాట్లాడిందంతా ఆమెతోనే. రోగి పక్కనుంటే బంధువులకు చెప్పే డాక్టరులా.

"ఆంటీ, మొదట చదివేది మనిషి కాదు, మిషను. దానికి కావలసిన మాటలు ఉంటేనే ముందుకు తోస్తుంది. ఆ తర్వాత ఓ అమ్మాయి ఆరు సెకన్లు చూస్తుంది."

"ఆరు సెకన్లలో నేను బోల్టు కూడా చూడలేను" అన్నాడు మనోహర్.

"అందుకే రెండు పేజీలు దాటకూడదు. పుట్టిన తేదీ తీసేద్దాం. డిప్లొమా సంవత్సరం తీసేద్దాం, దాంతో వయసు లెక్కగట్టేస్తారు. ఇరవై ఆరేళ్ళు అనొద్దు, 'పదిహేనేళ్ళకు పైగా' అనండి. అబద్ధం కాదుగా?"

"నిజమూ కాదు."

"తిరస్కరించాను, తిరస్కరించాను అని రాశారు. చదివేవాడికి భయం పుడుతుంది అంకుల్. దాన్నే 'ఖర్చులో నలభై శాతం ఆదా సాధించాను' అందాం. ఇంట్లో కూర్చున్న నెలలకి 'స్వతంత్ర సలహాదారు' అని పెడదాం. ఉద్యోగం ఎందుకు మానేశారంటే 'కొత్త సవాళ్ళ కోసం'. జుట్టుకి రంగేసి ఫోటో తీయించండి. ఇంకా ఇది, ఈ చివర్న..."

చివర్న, దేశంలో అందరూ రాసినట్టే, పైన రాసినదంతా తనకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణపూర్వకంగా ప్రకటిస్తున్నానన్న వాక్యం ఉంది. దాని కింద స్థలం, తేదీ, నీలి సిరాలో సంతకం.

"ఇది కోర్టా అంకుల్? ఇప్పుడెవరూ పెట్టడం లేదు. కొట్టేయండి."

"సంతకం లేకపోతే ఆ కాగితానికి పూచీ ఎవరిది?"

"పూచీ ఏంటి! మీరు ఉద్యోగం అడుగుతున్నారు. అప్పు కాదు."

మనోహర్ మెట్లు దిగాడు. కింద చెరుకురసం బండి దగ్గర ఆగి, గ్లాసు అడుగున చూసి, కడిగించి, తాగాడు.

"వీడి చేత ఒక్క డ్రమ్ము కొలిపించాలే కుందా. ఒక్కటి" అన్నాడు.

కుందకూ వాడు రోతగానే ఉన్నాడు. ఆ బూట్లు, ఆ నవ్వు, మనిషి ముందుండగా మనిషిని దాటేసి మాట్లాడటం. అయినా ఆ రాత్రి సులభ వదిన మెట్ల మీద కూర్చుని, "ఏదైనా సరే కుందా, ఆయన్ని మళ్ళీ పనిలో చూడాలి. ఇంట్లో గడియారం విప్పి మళ్ళీ బిగిస్తుంటే చూడలేకపోతున్నాను" అంటే, కుందే నిహాల్‌కు ఫోను చేసింది. బడి వదిలాక ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని, వాడు చెప్పిందల్లా తన చేతులతో టైపు చేసింది. నలభై శాతం ఆదా ఆమె టైపు చేసిందే. స్వతంత్ర సలహాదారూ ఆమె టైపు చేసిందే. ప్రమాణం తీసేసి, సంతకం చోట తెల్లగా వదిలేసింది. అన్నకు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"ఇతనెవరో గొప్పవాడే. నాకు పరిచయం లేదు" అన్నాడు.

"నవ్వులాట కాదన్నా. వదిన ముఖం చూడు."

వదిన ముఖం చూశాడు. ఆదివారం జుట్టుకి రంగు వేయించుకున్నాడు. మంగలి చెవుల మీద కూడా పూశాడు, వారం దాకా పోలేదు.

మిషనుకు ఆ మాటలు నచ్చాయి. ఆగస్టు పదకొండున చాకణ్‌లో ఒక ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకు పిలిచింది. నాణ్యత విభాగానికి పెద్ద ఉద్యోగమే. ట్రక్కుల బ్రేకులు. మనోహర్ చేయగలిగినదీ, చేయాలనుకున్నదీ అదే. కుంద సెలవు పెట్టి వెంట వెళ్ళింది. రిసెప్షన్‌లో మూడు గంటలు కూర్చుంది. ఆయన బయటికి వచ్చాక ఇద్దరూ బస్సు ఎక్కారు. సీటు దొరికాక చెప్పాడు.

"ముగ్గురున్నారు. ఒకడు ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. ఇంకొకడు, మీకంటే చిన్నవాడి కింద పని చేయగలరా అని అడిగాడు. మైక్రోమీటరు వయసడగదు కదా అన్నాను. కాసేపటికి మళ్ళీ అదే అడిగాడు."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. గేజి లేదుగా, కళ్ళజోడు తుడుచుకున్నాను."

"తర్వాత?"

"మూడోవాడు నీ కాగితం పైకెత్తి, నలభై శాతం ఆదా! భేష్, ఎలా చేశారు? అన్నాడు. నేను చెయ్యలేదన్నాను. ఇక్కడుందిగా అన్నాడు. ఇలా ఇవ్వండి అని తీసుకుని సరిచేశాను."

"సరిచేశావా? ఏం సరిచేశావు?"

ఆయన ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీశాడు. రెండు పేజీల నిండా ఎర్ర గీతలు. ఫ్యాక్టరీ రికార్డులో తప్పు దిద్దే పద్ధతి ఒకటుంది. తప్పును చెరపకూడదు, మీద దిద్దకూడదు. కింద ఏముందో కనబడేలా ఒకే ఒక గీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. నలభై శాతం మీద గీత, పక్కన సంతకం, ఆగస్టు పదకొండు. స్వతంత్ర సలహాదారు మీద గీత, సంతకం, తేదీ. 'పదిహేనేళ్ళకు పైగా' మీద గీత, పైన 'ఇరవై ఆరేళ్ళ నాలుగు నెలలు'. 'కొత్త సవాళ్ళ కోసం' మీద గీత, పైన 'లాటు మీద సంతకం పెట్టనందుకు'. మొత్తం తొమ్మిది గీతలు. చివర్న, కుంద తెల్లగా వదిలేసిన చోట, నీలి సిరాలో నిండు సంతకం.

"వాళ్ళ ముందే చేశావా ఇదంతా?"

"వాళ్ళ ముందు కాకపోతే ఎవరి ముందు చేస్తాను? నకలు తీసుకోండని అడిగితే, అక్కర్లేదు ఉంచుకోండి అన్నారు. క్రికెట్ చూసేవాడు మాత్రం తలెత్తాడు."

కుందకు బస్సులోనే ఒళ్ళు మండిపోయింది.

"నీ చేతులారా చెడగొట్టుకున్నావన్నా. చేతికందింది నేలపాలు చేశావు. వదినకేం చెప్పమంటావు?"

ముందు సీటు ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది. మనోహర్ కాగితాన్ని నాలుగంచులూ సరిచూసి కవరులో పెట్టుకున్నాడు.

"చెప్పాల్సింది నేనే చెబుతాలే. నువ్వది టైపు చేసేదాకా రానివ్వడం నా తప్పు. నిన్నా పని చెయ్యనిచ్చి ఉండకూడదు" అన్నాడు.

చాకణ్ నుంచి ఫోను రాలేదు. పది రోజులాగి కుంద చేస్తే, ఎవరో అమ్మాయి "వేరే అభ్యర్థిని తీసుకున్నాం, ఫైలు మూసేశాం" అంది. అప్పట్నుంచి ఆ ఎర్ర గీతల మాట కుంద నోట్లో నానుతూనే ఉంది. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అంటే, "దానిమీదా గీత గియ్యి" అనేది. వినాయక చవితికి ఎవరో ఉద్యోగం సంగతి అడిగితే, అందరి ముందూ, "వచ్చిన ఉద్యోగానికి మా అన్నే తిరస్కరణ రాశాడు" అంది. నవ్వుతూనే అంది. మనోహర్ కూడా నవ్వాడు. ఖండే నవమి నాడు, పనిముట్లకు పూజ చేసే రోజున, ఆయన తన మైక్రోమీటరును బంతిపూల మధ్య పెట్టి కుంకుమ బొట్టు పెడుతుంటే, ఆమె గుమ్మంలో నిలబడి, "ఇంక దేనికది? నీకెవరిస్తారు పని?" అంది. ఈసారి నవ్వలేదు. ఆయన బొట్టు పెట్టడం ముగించి, ప్రసాదం పట్టుకున్న చెయ్యి ముందుకు చాపాడు. ఆయన పోవడానికి అప్పటికి ఇంకా రెండు వారాలు ఉన్నాయి.

పదమూడో రోజు కార్యం నాడు మనోహర్ ఫోను మోగింది. నిహాల్ నుంచి సందేశం. 'హాయ్ మనోహర్! మీ ప్రయాణం ఎలా సాగుతోంది? మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?' కింద ఐదు ఖాళీ నక్షత్రాలు. సులభ వదిన చదవలేక కుంద చేతికిచ్చింది. కుంద ఆ నక్షత్రాలకేసి చాలాసేపు చూసింది. బురదలో కాలు పడ్డట్టు అనిపించింది. ఆ బురదలోకి అన్న చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళింది తనే.

ఆ తర్వాత ఆమెకు వాడి మీద కంటే తన మీదే ఎక్కువ వెగటు పుట్టింది. కొల్హాపూర్ ఫౌండ్రీ ఆయన కబురు తెలిసి వచ్చాడు. లావాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుని, "నా సరుకు పదకొండుసార్లు తిప్పి పంపాడమ్మా మీ అన్న. బూతులు తిట్టాను. ఆయన పుణ్యాన ఇవాళ నా పోత తిరిగిరాదు. ఉద్యోగం పోయిందని నాకొక్క ఫోను చేయకూడదూ? నలుగురికి చెప్పేవాణ్ణి" అన్నాడు. ఆ నాలుగు పేజీల బయోడేటాలో ఆయన నంబరుంది. రెండు పేజీలు చేసేటప్పుడు ఆ వరుస తీసేసింది కుందే.

అయినా ఒక్క మాట దగ్గర ఆమె మనసు గట్టిగా నిలబడింది. చాకణ్ ఉద్యోగం అన్నే పోగొట్టుకున్నాడు. ఆ తొమ్మిది గీతలే గియ్యకపోతే, ఇస్త్రీ చొక్కాలో గేజి తుడుచుకుంటూ ఈపాటికి బతికుండేవాడు. ఆయన్ని తలుచుకుని ఏడ్చిన ప్రతిసారీ దాని వెనకే ఆ కోపం కూడా వచ్చేది. తను అన్న మాటలు కటువే కానీ అబద్ధం కాదని సర్దిచెప్పుకునేది.

నవంబరు ఆఖర్లో ఒకావిడ ఏడేళ్ళ పాపను చేర్పించడానికి బడికి వచ్చింది. ఊరు మారి వచ్చినవాళ్ళను నడి సంవత్సరంలో చేర్చుకోవాలంటే తండ్రి పనిచేసే చోటు నుంచి పత్రం తేవాలి.

"నాగపూర్ నుంచి మేడమ్. ఈయన ముందే వచ్చేశారు, ఇల్లు దొరక్క మేము అక్కడే ఉండిపోయాం. వీళ్ళ మామయ్య ఈ కంపెనీలో డైరెక్టరు, రా రా అని ఒకటే పోరు" అంటూ ఆమె కవరు ఇచ్చింది.

కుంద పత్రం విప్పి ఫారంలో ఎక్కించడం మొదలుపెట్టింది. తండ్రి పేరు. చాకణ్ ఫ్యాక్టరీ పేరు. హోదా: నాణ్యత విభాగాధిపతి. ఆ ఫ్యాక్టరీకి అలాంటి ఉద్యోగం ఒక్కటే ఉంటుంది. ఆమె పెన్ను ఆగింది.

"ఏమైంది మేడమ్, ఏదన్నా తక్కువైందా?"

"లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

మిగతా గడులు నింపి, ముద్ర వేసి, పాపను ఏ గదికి పంపాలో చెప్పింది. వాళ్ళు వెళ్ళాక ఆ పత్రాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. అన్న ఇంటర్వ్యూకు వెళ్ళింది ఆగస్టు పదకొండున. నియమం ప్రకారం ఇంటర్వ్యూలు జరిగినట్టు చూపడానికి ఫైలులో ఇంకో ఇద్దరి పేర్లు కావలసి వచ్చి ఉంటాయి. ఆ పాప తండ్రి ఉద్యోగంలో చేరిన తేదీ ఆగస్టు ఒకటి.